పాత యాక్సెస్ ఫైలు పాస్‌వర్డు మర్చిపోతే: ఎమ్‌డీబీ సంగతి వేరు, ఏసీసీడీబీ సంగతి వేరు

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. కోవూరు దగ్గర రైసు మిల్లు, రెండు ఫైళ్లు. మొదటిది 2006 నుంచి నడిచిన కాటా, ధాన్యం కొనుగోలు ప్రోగ్రాముకు చెందిన ఎమ్‌డీబీ (మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అనే డేటాబేసు సాఫ్ట్‌వేరు 2003 దాకా వాడిన పాత ఫైలు రకం). ప్రోగ్రాము రాసినాయన దొరకడం లేదు, పాత కంప్యూటరు చెడిపోయింది, హార్డు డిస్కులోంచి ఫోల్డరు మాత్రం మొత్తం తీసిపెట్టుకున్నారు. కొత్త కంప్యూటర్లో ఆ ఫైలు తెరవబోతే పాస్‌వర్డు అడుగుతోంది. రెండోది పాత అకౌంటెంటు తయారుచేసిన రైతు బకాయిల ఫైలు, ఏసీసీడీబీ (యాక్సెస్ 2007 నుంచి వచ్చిన కొత్త ఫైలు రకం). 2023 దాకా వాడారు. పాస్‌వర్డు పెట్టినాయనకే గుర్తు లేదంటున్నారు. రెండింటినీ తెరిచే సాఫ్ట్‌వేరు ఏదో ఒకటి చెప్పమన్నారు.

రెండింటికీ కలిపి ఒకటే మందు లేదు. మొదటి దానికి పాస్‌వర్డు కనుక్కోవడం గంట పని, ఒక్కోసారి అయిదు నిమిషాల పని. రెండోది మాత్రం అకౌంటెంటు గారి జ్ఞాపకం ఎంత సహకరిస్తే అంత. ఏసీసీడీబీని కూడా ఒక్క క్లిక్కుతో తెరుస్తామని డబ్బులు అడిగేవాళ్లు ఎవరైనా తగిలితే నమ్మకండి.

ముందు కాపీలు చేయండి. రెండు ఫైళ్లే కాదు, అవి ఉన్న ఫోల్డర్లు మొత్తంగా రెండు వేరువేరు చోట్లకు కాపీ చేసి, అసలు డిస్కు తీసి బీరువాలో పెట్టేయండి. ఇకనుంచి చేసేదంతా కాపీ మీదే. యాక్సెస్ ఫైలు తెరిస్తే చాలు అందులో ఏదో ఒకటి రాస్తుంది. మనం కేవలం చూస్తున్నామనుకుంటాం గానీ ఫైలు మారిపోతుంది. పెన్‌డ్రైవులో ఉన్నదాన్ని అక్కడికక్కడే తెరవడం అన్నిటికన్నా ప్రమాదం, మధ్యలో లాగేస్తే ఫైలు దెబ్బతింటుంది. ఫోల్డర్లో అదే పేరుతో ఎల్‌డీబీ అనో ఎల్ఏసీసీడీబీ అనో చిన్న ఫైలు కనిపిస్తే, అది ఎవరెవరు తెరిచి ఉన్నారో రాసుకునే ఫైలు. పాత కంప్యూటరు ఉన్నట్టుండి ఆగిపోతే అలా మిగిలిపోతుంది. కాపీ ఫోల్డర్లో దాన్ని తీసేయొచ్చు, డేటాకు ఏమీ కాదు.

తర్వాత, పాస్‌వర్డు అడుగుతున్నది ఎవరో చూడండి. ఇక్కడే చాలామంది పొరబడి వారం రోజులు వృథా చేసుకుంటారు. ఒకే ఒక్క గడి ఉన్న చిన్న పెట్టె వచ్చి డేటాబేసు పాస్‌వర్డు ఇవ్వమంటే, అది నిజంగా ఫైలుకు పెట్టినదే. పేరు, పాస్‌వర్డు అని రెండు గడులున్న లాగాన్ పెట్టె వస్తే అది వర్క్‌గ్రూపు భద్రత. దాని వివరాలు ఎమ్‌డీడబ్ల్యూ అనే ఇంకో ఫైలులో ఉంటాయి. అలా కాకుండా మిల్లు పేరు, దేవుడి బొమ్మ, రంగురంగుల బటన్లతో పెద్ద తెర వస్తే అది ప్రోగ్రాము రాసినాయన పెట్టిన సొంత లాగిన్. దానికీ ఫైలు పాస్‌వర్డుకూ సంబంధమే లేదు.

ఈ మూడోది తేలిక. షిఫ్టు మీట నొక్కి పట్టుకుని ఫైలు మీద డబుల్ క్లిక్ చేయండి, పూర్తిగా తెరుచుకునేదాకా వదలొద్దు. మొదట వచ్చే ఫారం, దాని వెనక నడిచే మాక్రో రెండూ ఆగిపోయి నేరుగా టేబుళ్ల జాబితా కనిపిస్తుంది. యూజర్ల టేబులు ఒకటి ఉంటుంది, అందులో పాస్‌వర్డులు చాలాసార్లు మామూలు అక్షరాల్లోనే పడి ఉంటాయి. షిఫ్టు పనిచేయకుండా రాసినవాళ్లు కట్టేసి ఉంటే, కొత్త ఖాళీ డేటాబేసు తెరిచి, ఎక్స్‌టర్నల్ డేటా ట్యాబులోంచి యాక్సెస్ ఎంచుకుని, పాత ఫైలు చూపించి టేబుళ్లన్నీ ఇంపోర్టు చేసుకోండి. లాగిన్ తెర ఆ దారిలో అడ్డం రాదు.

వర్క్‌గ్రూపు రకమైతే పాత డెస్క్‌టాపు షార్ట్‌కట్ వెతకండి. దాని ప్రాపర్టీస్‌లో టార్గెట్ అన్న గడిలో ఎమ్‌డీడబ్ల్యూ ఫైలు ఎక్కడుందో దారి రాసి ఉంటుంది. అది దొరక్కపోయినా భయం లేదు, కింద చెప్పబోయే లినక్సు పద్ధతికి ఆ ఫైలుతో పని లేదు.

మీకు వచ్చింది ఒక్క గడి పెట్టె అని రాశారు కాబట్టి ఆ దారిలోనే పోదాం. ఫైలు ఏ తరానిదో ఖాయం చేసుకోవాలి. పేరు చివర ఉన్న అక్షరాలను నమ్మకండి, ఎవరైనా మార్చేసి ఉండొచ్చు. ఉచితంగా దొరికే ఏ హెక్స్ ఎడిటర్లోనైనా (ఫైలులోని ఒక్కో బైటును జత అంకెలుగా చూపించే పనిముట్టు) కాపీని తెరవండి. మొదటి వరుసలోనే, కుడివైపు, ఇంగ్లిషులో స్టాండర్డ్ జెట్ డీబీ అని గానీ స్టాండర్డ్ ఏస్ డీబీ అని గానీ కనిపిస్తుంది. జెట్ అంటే ఎమ్‌డీబీ, ఏస్ అంటే ఏసీసీడీబీ. ఇక రెండో వరుసలో అయిదో జత అంకెలు చూడండి. 00 అయితే యాక్సెస్ 97 నాటిది, 01 అయితే 2000 నుంచి 2003 దాకా వాడినది, 02 అయితే 2007, 03 అయితే 2010. చూసి మూసేయండి, అక్కడ ఏమీ టైపు చేయొద్దు.

ఆ మొదటి వరుసల్లో అన్నీ సున్నాలో, అర్థంలేని గుర్తులో ఉంటే సమస్య పాస్‌వర్డు కాదు, ఫైలే పాడైంది. పాస్‌వర్డు దాచే చోటు కూడా ఆ తలభాగంలోనే ఉండటం వల్ల, అక్కడి బైట్లు చెడితే ఎన్నడూ పెట్టని పాస్‌వర్డు అడగడం, సరైనది ఇచ్చినా తప్పు అనడం జరుగుతుంది. నిన్నటిదాకా తెరుచుకున్న ఫైలు కరెంటు పోయి వచ్చాక పాస్‌వర్డు తప్పంటే ముందు ఇదే అనుమానించాలి. అప్పుడు వెతకాల్సింది పాత బ్యాకప్పు.

ఎమ్‌డీబీ ఎందుకు తేలికంటే, పాస్‌వర్డు ఫైలులోనే ఉంటుంది. 2000 నుంచి 2003 దాకా వచ్చిన రకంలో మొదట్నుంచి 66 బైట్లు వదిలాక 40 బైట్ల జాగా దానికోసం కేటాయించారు. అక్షరానికి రెండు బైట్ల చొప్పున 20 అక్షరాలు. దాన్ని ఫైలు పుట్టిన తేదీతో కలిపి కాస్త చెదరగొట్టి రాస్తారు, అంతే. ఆ తేదీ కూడా పక్కనే ఉంటుంది. కాబట్టి పాస్‌వర్డు నాలుగు అక్షరాలైనా పదహారైనా చూపించడానికి పట్టే సమయం ఒకటే, ఊహించే పనే లేదు. పైగా డేటా ఉన్న పేజీలను ఈ పాస్‌వర్డు ముట్టుకోదు. గేటు దగ్గర వాచ్‌మన్ ఉన్నాడు గానీ గోడౌనుకు తాళం లేదన్నమాట. ఎన్‌కోడ్ అనే ఇంకో సదుపాయం వాడి ఉంటే పేజీలు కూడా గజిబిజి అవుతాయి, కానీ దాన్ని విప్పే నాలుగు బైట్ల కీ కూడా అదే తలభాగంలో ఉంటుంది.

పనిముట్టు తెచ్చుకునే ముందు ఒక మాట. మీ దగ్గర ఫోల్డరు మొత్తం ఉందన్నారు కదా, పాస్‌వర్డు ఆ ఫోల్డర్లోనే ఎక్కడో రాసి ఉండే అవకాశం చాలా ఎక్కువ. గుమాస్తా రోజూ ప్రోగ్రాము తెరిచాడే గానీ ఈ పాస్‌వర్డు ఎప్పుడూ కొట్టలేదు. అంటే ఆయన బదులు ప్రోగ్రామే దాన్ని ఇస్తోంది. ఇవ్వాలంటే దానికి తెలిసుండాలి.

ప్రోగ్రాము కూడా యాక్సెస్‌లోనే రాసి, తెరలు ఒక ఫైలులో, డేటా ఇంకో ఫైలులో పెట్టి ఉంటే, తెరల ఫైలును షిఫ్టు పట్టుకుని తెరవండి. ఎడమవైపు జాబితా పైభాగంలో రైట్ క్లిక్ చేసి, నావిగేషన్ ఆప్షన్స్‌లో సిస్టమ్ ఆబ్జెక్ట్స్ చూపించమని టిక్కు పెట్టండి. ఎమ్ సిస్ ఆబ్జెక్ట్స్ అనే టేబులు కనిపిస్తుంది. దాన్ని తెరిచి కనెక్ట్ అనే నిలువు వరుస చూడండి. డేటా ఫైలు టేబుళ్లకు ఎదురుగా పీ, డబ్ల్యూ, డీ అక్షరాలు, వాటి పక్కన సమానం గుర్తు, ఆ తర్వాత మీ పాస్‌వర్డు. ఏ ముసుగూ లేకుండా ఉంటుంది. లింకు చేసిన టేబుళ్లలో యాక్సెస్ పాస్‌వర్డును అలాగే దాస్తుంది మరి.

2006 నాటి ప్రోగ్రామంటే విజువల్ బేసిక్ 6 లో రాసినదయ్యే అవకాశమే ఎక్కువ. ఫోల్డర్లో ఒక ఈఎక్స్ఈ (ప్రోగ్రామును నడిపే ఫైలు), పక్కన అమరికలు రాసుకునే ఐఎన్ఐ ఫైలో యూడీఎల్ ఫైలో ఉంటాయి. ముందు ఆ చిన్న ఫైళ్లను నోట్‌ప్యాడులో తెరిచి చూడండి, కొంతమంది పాస్‌వర్డు అందులోనే రాసేవాళ్లు. లేకపోతే ఈఎక్స్ఈలోనే ఉంటుంది. దాన్ని నేరుగా నోట్‌ప్యాడులో తెరిచి వెతికితే దొరకదు, ఎందుకంటే వీబీ 6 ప్రోగ్రాములోని మాటలు ఒక్కో అక్షరానికి రెండు బైట్ల చొప్పున నిల్వ అవుతాయి, మధ్యలో సున్నాలొస్తాయి. మైక్రోసాఫ్ట్ సిస్ ఇంటర్నల్స్ సైటులో స్ట్రింగ్స్ అనే చిన్న ఉచిత పనిముట్టు ఉంది. అది రెండు రకాల అక్షరాలనూ ఏరుతుంది. కమాండ్ ప్రాంప్టులో దానికి మీ ఈఎక్స్ఈ పేరు ఇచ్చి, ఫలితాన్ని ఒక టెక్స్టు ఫైలులోకి మళ్లించండి. ఆ ఫైలులో పాస్‌వర్డ్ అనీ, పీ డబ్ల్యూ డీ అనీ, జెట్ ఓలెడీబీ అనీ ఇంగ్లిషులో కొట్టి వెతకండి. జెట్ ఓలెడీబీ డేటాబేస్ పాస్‌వర్డ్ అన్న వాక్యం తర్వాత ఉన్నదే మీకు కావాల్సింది. స్ట్రింగ్స్ ఇచ్చినదాంట్లో చదవదగ్గ మాటలే లేకపోతే ఈఎక్స్ఈని కుదించి ఉంటారు, అప్పుడు పనిముట్టు దారే.

ఆ పనిముట్టు నిర్‌సాఫ్ట్ వారి యాక్సెస్ పాస్‌వ్యూ. ఉచితం, ఇన్‌స్టాల్ కూడా అక్కర్లేదు. ఎమ్‌డీబీని దాని కిటికీలోకి లాగి వదిలితే పాస్‌వర్డు కనిపిస్తుంది. 2000 తరం ఫైళ్లలో 18 అక్షరాలు దాటిన పాస్‌వర్డును అది చూపించలేదు, అంత పొడుగు పెట్టినవాళ్లు అరుదు. ఏసీసీడీబీకి పనికిరాదు. యాంటీవైరస్ దీన్ని హ్యాకింగ్ పనిముట్టని ఆపేస్తుంది, పాస్‌వర్డులు చూపించే ప్రతిదానికీ అదే గతి. అందుకని నిర్‌సాఫ్ట్ సొంత సైటు నుంచే దించుకోండి. టెలిగ్రామ్ గుంపుల్లో క్రాక్ చేసిన రికవరీ సాఫ్ట్‌వేర్లని తిరిగే జిప్పు ఫైళ్ల జోలికి మాత్రం పోవద్దు, మిల్లు కంప్యూటరు మొత్తం లాక్ అయిపోతే అప్పుడు అసలు కష్టం మొదలవుతుంది.

పాస్‌వర్డే అక్కర్లేదు, డేటా బయటికొస్తే చాలు అనుకుంటే ఇంకో దారి: లినక్సులో ఎమ్‌డీబీ టూల్స్. ఉబుంటు అనే లినక్సు రకంలో మామూలు ప్యాకేజీగానే దొరుకుతుంది. పైన చెప్పినట్టు డేటాకు తాళం లేదు కనుక ఇది పాస్‌వర్డును, వర్క్‌గ్రూపు అనుమతులను పట్టించుకోకుండా టేబుళ్లు చదువుతుంది. ఎమ్‌డీబీ-టేబుల్స్ ఆదేశం పేర్లు చూపిస్తుంది, ఎమ్‌డీబీ-ఎక్స్‌పోర్ట్ ఒక్కో టేబులును సీఎస్‌వీగా (ఎక్సెల్ తెరవగలిగే టెక్స్టు ఫైలుగా) తీసిస్తుంది. ఫారాలు, రిపోర్టులు రావు, అంకెలు మాత్రమే వస్తాయి. మీరు ఎక్సెల్‌లోకి కావాలన్నారు కాబట్టి ఇదే నేరు దారి అని నా ఉద్దేశం.

యాక్సెస్ వెర్షన్ దగ్గర ఒక గోతి ఉంది. హెక్స్ ఎడిటర్లో చూసిన ఆ జత 00 అని వచ్చిందనుకోండి, అంటే 97 నాటి ఫైలు. సరైన పాస్‌వర్డు చేతిలో ఉన్నా యాక్సెస్ 2013, ఆపైవి దాన్ని తెరవవు. మొండికేసినట్టు పాత ఫార్మాటు అంటాయి. 2010 గానీ అంతకన్నా పాతది గానీ ఉన్న కంప్యూటరు పట్టుకుని, కొత్త ఫార్మాటులోకి మార్చుకుని తెచ్చుకోవాలి. లేకపోతే మళ్లీ ఎమ్‌డీబీ టూల్సే. 01 అయితే ఇప్పటి యాక్సెస్‌లోనే తెరుచుకుంటుంది.

హెక్స్ ఎడిటర్‌తో ఆ 40 బైట్లూ సున్నాలు చేసేయమని కొన్నిచోట్ల సలహాలు కనిపిస్తాయి. చేయకండి. 2000 తరం ఫైలులో అక్కడ ఖాళీ అంటే సున్నా కాదు, తేదీతో కలిసిన ఏదో విలువ. సున్నాలు పెడితే పాస్‌వర్డు పోదు, మీకెప్పటికీ తెలియని కొత్త పాస్‌వర్డు పెట్టినట్టవుతుంది. వేరే ఖాళీ ఫైలు తలభాగం కత్తిరించి అతికించడం ఇంకా అన్యాయం, ఎన్‌కోడ్ చేసిన ఫైలయితే దాని కీ కూడా దాంతోపాటే పోతుంది.

పాస్‌వర్డు దొరికాక తీసేయడానికి ఫైలును ఎక్స్‌క్లూజివ్‌గా, అంటే ఇంకెవరూ అదే సమయంలో తెరవకుండా, తెరవాలి. డబుల్ క్లిక్ చేస్తే కుదరదు. యాక్సెస్‌లో ఫైల్, ఓపెన్, బ్రౌజ్‌కు వెళ్లి ఫైలును ఎంచుకుని, ఓపెన్ బటన్ పక్కనున్న చిన్న బాణం నొక్కితే ఓపెన్ ఎక్స్‌క్లూజివ్ కనిపిస్తుంది. ఆ తర్వాత ఫైల్, ఇన్ఫోలో అన్‌సెట్ డేటాబేస్ పాస్‌వర్డ్. 2003లో అయితే టూల్స్, సెక్యూరిటీలో ఉంటుంది. అయితే పాత ప్రోగ్రామును ఇంకా నడపాలనుకుంటే ఆ కాపీలో పాస్‌వర్డు తీయకండి. వేరే కాపీలో తీసి దాన్ని ఎక్సెల్‌కు వాడుకోండి.

డేటా బయటికి వచ్చాక రెండు చిక్కులు ఎదురవుతాయి. రైతుల పేర్లు, ఊర్ల పేర్లు తెలుగులో కొట్టి ఉంటే అవి అర్థంలేని ఇంగ్లిషు గుర్తుల్లా కనిపించొచ్చు. ఫైలు పాడైందని కంగారు పడకండి. అప్పట్లో అనూ ఫాంట్లతో కొట్టేవాళ్లు. అక్కడ నిల్వైంది తెలుగు యూనికోడు కాదు, ఇంగ్లిషు స్థానాల్లో కూర్చున్న తెలుగు ముక్కలు. అనూ నుంచి యూనికోడుకు మార్చే కన్వర్టరులో వేస్తే చదవొచ్చు, ఒత్తుల దగ్గర మాత్రం చేత్తో దిద్దుకోవాలి.

రెండోది తూకం. నెల్లూరు లెక్క ప్రకారం పుట్టి అంటే 850 కిలోలు. టేబులులో కిలోలు ఒక గడిలో, పుట్లు ఇంకో గడిలో, పుట్టి రేటు మరో గడిలో ఉంటాయి. నాలుగైదు పాత కాటా చీటీలు తీసి, కిలోలను 850తో భాగించి పుట్ల గడితో, పుట్లను రేటుతో గుణించి మొత్తంతో సరిచూడండి. ఉదాహరణకు 12,750 కిలోల లోడు సరిగ్గా 15 పుట్లు చూపాలి. తేడా వస్తే ఎగుమతి చేసేటప్పుడు దశాంశాలు తెగిపోయాయనో, తేమకు, తరుగుకు కోసినది ఇంకో టేబులులో ఉందనో అర్థం. తేదీల్లో నెల, రోజు తారుమారయ్యాయేమో కూడా అప్పుడే బయటపడుతుంది.

ఇక ఏసీసీడీబీ. ఇక్కడ పాస్‌వర్డు ఫైలులో ఎక్కడా ఉండదు. పాస్‌వర్డు నుంచే కీ పుడుతుంది, ఆ కీతో డేటా పేజీలన్నీ ఎన్‌క్రిప్ట్ అవుతాయి. 2007 పద్ధతి కాస్త బలహీనం, 2010 నుంచి గట్టిపడింది. 2010లో ఒక్క పాస్‌వర్డును పరీక్షించాలంటే లక్ష సార్లు లెక్క తిప్పాలి, కంప్యూటరు వేగంగా ఊహించకుండా ఉండటానికే అలా పెట్టారు. షిఫ్టు మీట, ఖాళీ డేటాబేసులోకి ఇంపోర్టు, ఎమ్‌డీబీ టూల్స్ ఇవేవీ పాస్‌వర్డు లేకుండా పనిచేయవు. పేరు చివర ఎమ్‌డీబీ అని మార్చినా ఫలితం సున్నా.

అందుకని తాళం పగలగొట్టే ముందు తాళం వేయని కాపీ వెతకాలి. పాస్‌వర్డు పెట్టకముందు ఆడిటరుకు మెయిల్‌లో పంపిన ఫైలుందా? యాక్సెస్‌లోని బ్యాకప్ డేటాబేస్ ఆదేశంతో ఎప్పుడైనా బ్యాకప్పు తీసి ఉంటే దాని పేరు చివర తేదీ ఉంటుంది, ఆ తేదీలతో కంప్యూటరంతా వెతకండి. ఫోల్డరు మీద రైట్ క్లిక్ చేసి ప్రీవియస్ వెర్షన్స్ చూడండి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఈ ఫైలులోంచి డేటా లాక్కునే ఎక్సెల్ షీటు ఏదైనా ఉందేమో అకౌంటెంటును అడగండి. నెలాఖరున యజమానికి చూపించే బకాయిల రిపోర్టులు చాలాచోట్ల అలాగే తయారవుతాయి. ఆ షీటు తెరిచి డేటా ట్యాబులో కనెక్షన్స్, ప్రాపర్టీస్, డెఫినిషన్‌కు వెళ్తే కనెక్షన్ స్ట్రింగ్ కనిపిస్తుంది. సేవ్ పాస్‌వర్డ్ టిక్కు పెట్టి ఉంటే పాస్‌వర్డు ఆ వాక్యంలోనే ఉంటుంది. వీలైతే రిఫ్రెష్ నొక్కి చూడండి, డేటా మళ్లీ వచ్చిందంటే పాస్‌వర్డు అందులో ఉన్నట్టే.

అదీ లేకపోతే ఊహించడమే మిగిలింది, కానీ పద్ధతిగా ఊహించాలి. ముందు చేత్తో, అదే పాత కీబోర్డు మీద. క్యాప్స్ లాక్ పడి ఉండగా పెట్టారేమో పెద్దక్షరాలతో కొట్టి చూడండి, ఇక్కడ పెద్ద చిన్న అక్షరాల తేడా లెక్కే. చిన్న ల్యాప్‌టాపుల్లో నమ్ లాక్ పడితే కుడిచేతి అక్షరాలు అంకెలైపోతాయి. అనూ మేనేజరు (అనూ ఫాంట్లతో తెలుగు కొట్టడానికి వాడే సాఫ్ట్‌వేరు) ఆన్‌లో ఉండగా పాస్‌వర్డు పెట్టి ఉంటే, ఆయన కొట్టాననుకున్న మీటలకూ లోపలికి వెళ్లిన అక్షరాలకూ పొంతన ఉండదు, తెర మీద చుక్కలే కనబడతాయి కాబట్టి ఆయనకు తెలిసే అవకాశం లేదు. అదే అనూ, అదే కీబోర్డు లేఅవుటు ఆన్ చేసి నోట్‌ప్యాడులో కొట్టి, వచ్చినదాన్ని కాపీ చేసి పాస్‌వర్డు గడిలో అతికించండి.

తర్వాత ఆయన్ని కూర్చోబెట్టి ఒక జాబితా రాయించండి. "పాస్‌వర్డు ఏం పెట్టావు" అని అడిగితే గుర్తు రాదు. ఆ రోజుల్లో మీ బండి నంబరెంత, ఆఫీసు ల్యాండ్‌లైను చివరి నాలుగంకెలేవి, పిల్లల పేర్లేమిటి, ఏ దేవుడికి మొక్కేవారు, బ్యాంకు లాగిన్‌కు ఏం పెట్టేవారు అని అడగాలి. మన వైపు అలవాట్లు కొన్ని నేను చెప్తాను: ఏపీ 26 తో మొదలయ్యే నెల్లూరు బండి నంబరు, ఒంగోలు వైపువాళ్లయితే ఏపీ 27, నెల్లూరు ఎస్‌టీడీ కోడు 0861, పిన్ కోడు 524001, దేవుళ్ల పేర్లు పెంచల, మాలకొండ, రంగనాథ, మిల్లు పేరులోని మొదటి అక్షరాలు, వడ్ల రకాల నంబర్లు 34449, 5204, 1010, ఆర్థిక సంవత్సరం 1314, 1415 అని కలిపి రాయడం, చివర 123 గానీ, ఎట్ గుర్తు పెట్టి 123 గానీ. తెలుగు పేర్లను ఇంగ్లిషులో ఎలా రాస్తారో కూడా చూసుకోండి. లక్ష్మిలో క్ష కు కొందరు కే, ఎస్, హెచ్ వాడతారు, కొందరు ఒక్క ఎక్స్‌తో సరిపెడతారు. శ్రీ కి ఐ పెట్టేవాళ్లున్నారు, రెండు ఈలు పెట్టేవాళ్లున్నారు. ఆయన సంతకం, ఆయన మెయిల్ ఐడీ చూస్తే ఏది వాడతారో తెలిసిపోతుంది.

ఇంత శ్రమ ఎందుకో లెక్క చూడండి. కంప్యూటరు సెకనుకు 1,000 పాస్‌వర్డులు పరీక్షిస్తుందనుకుందాం. ఏపీ 26 తర్వాత రెండు అక్షరాలు, నాలుగంకెలు అన్న నమూనాకు మొత్తం 67,60,000 అవకాశాలు, రెండు గంటల్లోపు అయిపోతుంది. 300 మాటలు, ఒక్కోటి మూడు రకాల పెద్ద చిన్న అక్షరాలతో, చివర ఒకటి నుంచి నాలుగంకెల దాకా కలిపితే 99,99,000. మూడు గంటల్లోపు. అదే ఏ ఆధారం లేకుండా చిన్నక్షరాలు, అంకెలు కలిసిన 8 అక్షరాలన్నీ వెతకమంటే 2.82 లక్షల కోట్లు, అంటే దాదాపు 89 ఏళ్లు. మంచి గ్రాఫిక్స్ కార్డు పెట్టి వంద రెట్లు వేగం తెచ్చుకున్నా పదినెలలు దాటుతుంది. వేగం కన్నా ఆయన చెప్పే ఆ పాతిక మాటలే మీకు విలువైనవి.

యంత్రం పని ఇలా. జాన్ ద రిప్పర్ అని, పాస్‌వర్డులను వరసపెట్టి ఊహించి పరీక్షించే ఉచిత సాఫ్ట్‌వేరు ఉంది. దాని జంబో వెర్షనుతోపాటు ఆఫీస్2జాన్ అనే పైథాన్ స్క్రిప్టు వస్తుంది. ఆ స్క్రిప్టుకు మీ ఏసీసీడీబీ కాపీ ఇస్తే ఒక పొడుగాటి వరుస ఇస్తుంది. అందులో మీ రైతుల డేటా ఉండదు, పాస్‌వర్డు సరిచూడటానికి కావాల్సిన ముక్క మాత్రమే. ఆ వరుసలో 2007, 2010, 2013 లో ఏది కనిపిస్తుందో చూసుకోండి. ఇలాంటిదే ఇంకో సాఫ్ట్‌వేరైన హ్యాష్‌క్యాట్‌లో నడపాలంటే వాటికి వరసగా 9400, 9500, 9600 మోడ్లు. అందరూ ఆగిపోయే చోటు ఇదే: వరుస మొదట్లో ఫైలు పేరు, కోలన్ ఉంటాయి, హ్యాష్‌క్యాట్‌కు ఇచ్చేముందు అవి రెండూ చెరిపేసి డాలరు గుర్తు నుంచి మొదలయ్యేలా చూడాలి. జాన్‌కు అయితే ఉన్నదున్నట్టు ఇవ్వొచ్చు. హ్యాష్‌క్యాట్ ఎంతకీ ఒప్పుకోకపోతే వేగం తగ్గినా జాన్‌తోనే కానివ్వండి.

అసలు ఫైలు మీద పడే ముందు, మీకు తెలిసిన చిన్న పాస్‌వర్డుతో ఒక ఖాళీ ఏసీసీడీబీ తయారుచేసి, ఈ తంతు మొత్తం దాని మీద ఒకసారి నడపండి. అది దొరికితేనే మీ అమరిక సరిగా ఉన్నట్టు. ఈ పరీక్ష చేయకుండా రెండు రోజులు నడిపి దొరకలేదంటే, జాబితాలో లేక దొరకలేదో అమరిక తప్పై దొరకలేదో ఎప్పటికీ తెలియదు. ల్యాప్‌టాపయితే వేడికి దానంతటదే నెమ్మదిస్తుంది, రాత్రంతా నడపాలంటే డెస్క్‌టాపు, యూపీఎస్ ఉన్న చోట పెట్టండి.

ఫైలును అప్‌లోడు చేస్తే తెరిచిపెడతామనే సైట్లకు దీన్ని ఇవ్వకండి. రైతుల ఆధార్, బ్యాంకు ఖాతా నంబర్లు అందులో ఉన్నాయని మీరే రాశారు. బయటివాళ్లతో చేయించాల్సి వస్తే ఆఫీస్2జాన్ ఇచ్చిన ఆ ఒక్క వరుస మాత్రం ఇవ్వండి, పాస్‌వర్డు కనుక్కోవడానికి అది చాలు. ఫైలు మీ దగ్గరే ఉంటుంది. ఫైలే కావాలని పట్టుబట్టేవాళ్లను వదిలేయండి. పాస్‌వర్డు దొరికాకే డబ్బు ఇస్తామని ముందే మాట్లాడుకోండి.

ఎవరితో చేయించినా మిల్లు లెటర్‌హెడ్ మీద యజమాని సంతకంతో అనుమతి రాసివ్వండి. సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 2000 లో 43, 66 సెక్షన్లు యజమాని అనుమతి లేకుండా డేటాలోకి చొరబడటాన్ని నేరంగా చూస్తాయి, మూడేళ్ల దాకా జైలు, అయిదు లక్షల దాకా జరిమానా ఉన్నాయి. మీ ఫైలు మీదే అయినా, చేసేవాడి చేతిలో కాగితం ఉండాలి. భాగస్వామ్య మిల్లయి, భాగస్థుల మధ్య తగాదా నడుస్తుంటే అందరి సంతకాలూ తీసుకున్నాకే ముట్టుకోమని చెప్పండి.

జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు దాచాలి. బకాయిల ఫైలు 2023 దాకా నడిచిందంటే అది ఆ పరిధిలోనే ఉంది, కాబట్టి తెరుచుకోకపోయినా చెరిపేయొద్దు. ఒకపక్క ఊహించే పని నడుస్తుండగానే, బ్యాంకు స్టేట్‌మెంట్లు, రైతులకిచ్చిన చెల్లింపు రసీదులు, పైన బయటికి తీసిన కాటా టేబులు ఈ మూడూ పెట్టుకుని బకాయిలు తిరిగి కట్టడం మొదలుపెట్టండి. ఏ రైతు ఏ రోజు ఎన్ని పుట్లు తోలాడో మొదటి ఫైలులోనే ఉంది, చెల్లింపులు బ్యాంకులో ఉన్నాయి, మిగిలేది చేతి నగదు ఒక్కటే.